ముప్పై నాలుగు సెంటీమీటర్లు

రైలి కర్పినెన్ ఇరవై రెండేళ్ళు
ఒక ఫోన్ల కంపెనీ ఖాతాలు మూసింది.
మూయడమనే అంటారు, అక్కడా ఇక్కడా:
నెలాఖరు రాత్రి
తలుపు మూసినట్టు,
కళ్ళు మూసినట్టు.

ఔలు నగరం. డిసెంబరు.
పదిన్నరకి వచ్చి, రెండు కొట్టగానే
సంతకం పెట్టి వెళ్ళిపోయే గుమస్తా అక్కడి సూర్యుడు.
కిటికీ అవతల కాగితం మిల్లు పొగ,
ఇవతల ఆమె, రెండు పెన్సిళ్ళు, చక్కెర లేని కాఫీ.
ఒక్క సెంటు తేలకపోతే
తెల్లారేదాకా వెతికేది
(అక్కడ తెల్లారడమంటే మాటలా).
దొరికాక ఎవరికీ చెప్పేది కాదు.
సెంటు కంటే దాన్ని వెతికిన రాత్రే
ఖరీదని ఆమెకీ తెలుసు.

మా పంచాంగంలో నాలుగు గళ్ళు:
ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం.
ఆమె నివేదికలో మొదటి రెండే.
మిగతావి ఎక్కడో అడుగున,
భూతద్దం పెడితేగాని ఆనని అక్షరాల్లో.

ఆఖరి ఏడు ఒక వరుస రాసింది:
"పునర్వ్యవస్థీకరణ. ఒక్కసారికి మాత్రమే అయ్యే ఖర్చు."
ఆ వరుసలో పదకొండు వందల నలభై మంది.
వారం తిరిగేసరికి సైకిళ్ళ స్టాండు ఖాళీ.
గడ్డకట్టిన చక్రాల గాడులు మాత్రం
మార్చి దాకా ఉన్నాయి.
ఒక్కసారికే, అనుకునేది ఆమె.
రోజూ అనుకునేది.

తర్వాత అదే ఊళ్ళో, పాత తారు గిడ్డంగి మేడ మీద
పెట్టుబడుల ఆఫీసు తెరిచింది.
తెరవడం ఆమెకి కొత్త.
జరిగినదాన్ని కూడి కూడి కాయలు కాసిన వేలు
జరగనిదానికి వెల కట్టాలి ఇప్పుడు.
బూట్ల మంచు దులపకుండా కుర్రాళ్ళు వచ్చేవారు,
గోడ మీద గీతలు చూపించేవారు.
ప్రతి గీతా కుడి చివర ఆకాశానికి నిచ్చెన.
"జీతాలకి ఎన్ని నెలలుంది?"
ఆమె అడిగేది అదొక్కటే.
సగం మందికి అక్కడే గొంతు తడారేది.

ఒకరోజు ఓస్మో వచ్చాడు.
యాభై నాలుగేళ్ళు, చేత్తో అల్లిన టోపీ,
అరచేతంత పెట్టె.
మంచు మీద ఆనిస్తే
ఎంత మందమో చెబుతుందట.
"ఎన్ని నెలలుంది?"
"పద్నాలుగు నెలల జీతమిచ్చి పంపారు మీరు.
దాంతోనే చేశాను.
ఇంకో మూడు వారాలకొస్తుంది."

రేడియేటర్ టక్కుమంది.
ఆమె క్షమించమనలేదు. అతను అందుకు రాలేదు.
మైనస్ ముప్పైలో బ్యాటరీ ఎంతసేపు ప్రాణం బిగబట్టగలదో
గంటసేపు మాట్లాడుకున్నారు.
చివర్లో ఆమె పెన్సిలు పక్కన పెట్టి
పెన్ను కోసం సొరుగంతా వెతికింది.

ఆ కంపెనీ నిలవలేదు.
రెండు చలికాలాలు ఈదింది.
మూడో ఏడు మంచే సరిగ్గా కట్టలేదు,
చేపలవాళ్ళు ఇళ్ళల్లో కూర్చున్నారు.
సరిగ్గా ఆ వారమే, తను కాదని పంపేసిన
వెన్లా అనే అమ్మాయి చేసిన ఫోన్ ఆట
నలభై కోట్ల యూరోలకి అమ్ముడుపోయింది.
రెండు కబుర్లూ ఒకే కాఫీ మీద విని
రైలి నవ్వింది,
పక్క గదిలోంచి మనిషి వచ్చి చూసేంత గట్టిగా.
లెక్క తప్పితే నవ్వచ్చని
ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఫిబ్రవరి. ఈసారి నది బాగానే కట్టింది.
ఒడ్డు దిగి, చేతొడుగు పళ్ళతో లాగి,
కోటు జేబులోంచి పెట్టె తీసి ఆనించింది.
ముప్పై నాలుగు, అంది పెట్టె.
ఈ అంకెకి తనిఖీ లేదు, సాక్షి సంతకం లేదు.
అవతలి ఒడ్డున ఒక ముసలాయన
ఇంకా గునపంతోనే పొడిచి చూసుకుంటున్నాడు.
కాసేపు ఆయన్నే చూస్తూ నిలబడి,
మళ్ళీ ఒకసారి ఆనించి,
అదే అంకె వచ్చాక,
పెట్టెని జేబులో కాకుండా
చేతిలోనే పట్టుకుని
నడిచింది.